పిల్లల సాకర్ టీమ్‌కి కోచ్‌గా ఒప్పుకున్నాను, ఒక బాబు విషయంలో సలహా కావాలి

ఫ్రిస్కో_నాన్న
మా పాపకి ఏడేళ్లు. ఈ ఆగస్టులో ఇక్కడ టెక్సస్‌లో, ఎంపిక లేకుండా అందరినీ చేర్చుకునే రిక్రియేషన్ లీగ్‌లో సాకర్‌కి చేర్పించాం, అండర్-8. సీజన్ మొదలవడానికి పది రోజుల ముందు లీగ్ నుంచి మెయిల్ వచ్చింది: మీ టీమ్‌కి కోచ్ దొరకలేదు, తల్లిదండ్రుల్లో ఎవరూ ముందుకు రాకపోతే పిల్లల్ని వేరే టీమ్‌లలో సర్దేస్తాం అని. రెండు రోజులు చూశాను, ఎవరూ పలకలేదు. నేను సరేనన్నాను. నేను పెరిగింది తెనాలిలో, ఆడిందంతా క్రికెట్. బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయింది. పిల్లలపై వేధింపులు జరగకుండా చూడటం నేర్పే సేఫ్‌స్పోర్ట్ ట్రైనింగ్, తలకి దెబ్బ తగిలితే ఏం చేయాలో చెప్పే కన్‌కషన్ కోర్సు, రెండూ ఆన్‌లైన్‌లో పూర్తి చేశాను.

ఎనిమిది మంది పిల్లలు. మంగళవారం సాయంత్రం ప్రాక్టీస్, శనివారం పొద్దున మ్యాచ్. ఒకేసారి నలుగురు ఆడతారు. నాలుగు క్వార్టర్లు, ఒక్కోటి 10 నిమిషాలు. అంటే తలా రెండు క్వార్టర్లు. అలాగే ఆడిస్తున్నాను.

టీమ్‌లో ఒక బాబు ఉన్నాడు. బంతి దగ్గరికి వస్తే పక్కకి తిరిగి భుజాలు దగ్గరికి లాక్కుంటాడు. బంతి దూరంగా ఉంటే కూర్చుని గడ్డి పీకుతాడు. మొన్న శనివారం 6-1తో ఓడాం. లీగ్ స్కోరు రాయదు, కానీ తల్లిదండ్రులందరూ లెక్కపెడతారు. ఆ రాత్రి వాట్సాప్ గ్రూప్‌లో ఒక తండ్రి పెట్టిన మెసేజ్: "అందరికీ సమానంగా అనేది వినడానికి బాగుంటుంది. కానీ ప్రతివారం ఓడితే మిగతా పిల్లల ఉత్సాహం పోతుంది. కొందరిని ఒక్క క్వార్టర్‌కి పరిమితం చేస్తే మంచిది." పేరు రాయలేదు, రాయాల్సిన అవసరమూ లేదు. ఆ బాబు వాళ్లమ్మ కూడా ఆ గ్రూప్‌లోనే ఉంది. మెసేజ్ చూసినట్టు రెండు నీలం టిక్కులు కనిపించాయి. పొద్దున నాకు విడిగా రాసింది, "మావాడి వల్ల ఇబ్బందిగా ఉంటే మానిపించేస్తాం అండీ" అని.

ఆ రోజంతా నాకు అన్నం సహించలేదు. ఆ తండ్రికి ఏం చెప్పాలి? ఈ తల్లికి ఏం చెప్పాలి? అన్నిటికంటే ముందు, ఆ బాబుతో మంగళవారం ప్రాక్టీస్‌లో ఏం చేయాలి?

ప్లేనో_పద్మ
ముందు ఆ తల్లికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. "మీ అబ్బాయి మా టీమ్ పిల్లాడు, ఎక్కడికీ పంపొద్దు" అని చెప్పండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

మాజీ_గోలీ
పద్మగారు చెప్పిందే నా మాట కూడా. నాకు ఆరు సీజన్ల అనుభవం ఉంది కాబట్టి చెబుతున్నా, గ్రూప్‌లో జవాబు రాయొద్దు. రాస్తే అది పదిమంది పంచాయితీ అవుతుంది. ఆ తండ్రితో విడిగా, మనిషికి మనిషి ఎదురుగా మాట్లాడండి. గ్రూప్‌లో మాత్రం ఒకే ఒక్క పోస్ట్ పెట్టండి: "ఆడే సమయం గురించి కోచ్‌తో నేరుగా మాట్లాడండి, ఈ గ్రూప్ టైమింగ్స్‌కి, స్నాక్స్‌కి మాత్రమే." ఇది సీజన్ మొదట్లో పెట్టాల్సిన పోస్ట్. ఇప్పుడు పెట్టినా ఆలస్యమేం కాలేదు.

ఆస్టిన్_ఆటగాడు
నేను కొంచెం వేరేగా చెబుతాను, కోపం తెచ్చుకోవద్దు. ఆ తండ్రి గ్రూప్‌లో అలా రాయడం తప్పే. కానీ ఆయన బాధలో కొంత నిజం ఉంది. వారం వారం ఓడి కారులో ఏడుస్తూ ఇంటికి వచ్చే పిల్లలుంటారు. మావాడు అలాగే రెండో సీజన్ వద్దన్నాడు. బాగా ఆడే పిల్లలకి కూడా న్యాయం జరగాలి కదా?

సాకర్_అమ్మ_ఎడిసన్
జరగాలి. కానీ ఇంకో పిల్లాడి పది నిమిషాలు లాక్కోవడం న్యాయం ఎలా అవుతుంది? ఫీజు అందరం ఒకటే కట్టాం. ఇక్కడ ఆయ్సో అని ఒక సంస్థ ఉంది, 1964లో కాలిఫోర్నియాలోని టోరెన్స్‌లో మొదలైంది. వాళ్ల మొదటి సూత్రమే "అందరూ ఆడతారు". ప్రతి పిల్లా ప్రతి మ్యాచ్‌లో కనీసం సగం ఆడాలి. 60 ఏళ్లుగా దాని మీదే నడుస్తోంది. గెలుపు కోసమే ఆడించాలనుకుంటే ఆట చూసి పిల్లల్ని ఎంచుకునే సెలెక్ట్ టీమ్‌లు ఉన్నాయి, అక్కడికి తీసుకెళ్లొచ్చు.

ఆస్టిన్_ఆటగాడు
సెలెక్ట్‌కి ఏడాదికి వేల డాలర్లు అవుతాయి అక్కా. అందరి వల్లా కాదు. ఇష్టంగా, గట్టిగా ఆడాలనుకునే పిల్లలకి కూడా రిక్ లీగే దిక్కు.

సాకర్_అమ్మ_ఎడిసన్
అది ఒప్పుకుంటాను. డబ్బు విషయం నేను ఆలోచించలేదు.

మాజీ_గోలీ
ఏడేళ్ల పిల్లలకి, పన్నెండేళ్ల పిల్లలకి ఒకే కొలత పెట్టలేం. ఈ వయసులో నలుగురితో, గోల్‌కీపర్ లేకుండా ఎందుకు ఆడిస్తారంటే, ప్రతి పిల్లకి బంతి ఎక్కువసార్లు తగలాలని. పదకొండు మందితో పెద్ద మైదానంలో ఆడిస్తే సగం మంది కాలికి బంతే తగలదు. అండర్-10లో ఏడుగురు, అండర్-12లో తొమ్మిది మంది, ఆ తర్వాతే పదకొండు. బంతి సైజు కూడా ఈ పిల్లలకి 3 నంబర్, తర్వాత 4, అండర్-13 నుంచి 5. వీళ్ల ఆట మొత్తం నేర్పడం కోసం కట్టిందే. అందులో పిల్లాడి సమయం కోసేస్తే వాడికి నేర్పడం మానేసినట్టే.

ఎవరైనా రాని రోజుకి లెక్క చెబుతాను. ఏడుగురే వస్తే నాలుగు క్వార్టర్లకి మొత్తం 16 చోట్లు, తలా రెండు అంటే 14. మిగిలిన రెండు ఇద్దరికి మూడో క్వార్టర్‌గా ఇవ్వాలి. ఆ ఇద్దరూ ప్రతివారం మారాలి. ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. ఎవరైనా అడిగితే ఆ పేజీ చూపించండి. నేనైతే నోటితో వాదించడం ఎప్పుడో మానేశాను.

ఫ్రిస్కో_నాన్న
పుస్తకం ఈ రోజే కొంటాను. ఇప్పటిదాకా ఫోన్‌లోనే పెట్టుకున్నాను, ఎండలో స్క్రీన్ కనపడక రెండుసార్లు తడబడ్డాను. ఆ తల్లికి ఫోన్ చేశాను పద్మగారూ. మొదట ఏమీ మాట్లాడలేదు, తర్వాత చాలాసేపు మాట్లాడింది. బాబుకి నిరుడు పార్కులో ముఖానికి బంతి తగిలి ముక్కు నుంచి రక్తం వచ్చిందట. అప్పటి నుంచి బంతి గాలిలోకి లేస్తే భయమట. రిజిస్ట్రేషన్ ఫారంలో రాయలేదు, చెబితే తీసుకోరేమో అనుకుందట.

ప్లేనో_పద్మ
ఇంత చిన్న విషయం ఎవరూ అడగక, ఆవిడ చెప్పక... మంచి పని చేశారు.

రిఫరీ_వాళ్లమ్మ
ఆ బాబుకి ఒక మాట చెప్పండి: ఈ వయసులో తలతో బంతి ఆడటం నిషేధం. అండర్-11 దాకా హెడింగ్ లేదు. కావాలని తలతో ఆడితే అవతలి జట్టుకి ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టకూడని కిక్) ఇస్తారు. తలల రక్షణ కోసమే 2015లో ఇక్కడి సాకర్ సమాఖ్య ఈ మార్పు ప్రకటించింది. "నీ తల జోలికి బంతి రాకూడదని రూలే ఉంది నాన్నా" అంటే వాడికి కొంత ధైర్యం రావచ్చు. పిల్లలకి రూల్ అంటే గొప్ప నమ్మకం.

ఇంకో సంగతి. మా పెద్దోడికి 14, వాడు శనివారాలు చిన్నపిల్లల మ్యాచ్‌లకి రిఫరీ చేస్తాడు. పోయిన వసంతంలో ఒక పెద్దమనిషి గీత పక్కన నిలబడి మ్యాచ్ మొత్తం వాడి మీద అరిచాడు. వాడు ఇంటికి వచ్చి విజిల్‌ని సాక్సుల డ్రాయర్‌లో అడుగున పెట్టేశాడు. రెండు వారాలు బయటికి తీయలేదు. మళ్లీ వెళ్లింది ఎందుకంటే, ఒక కోచ్ మా ఇంటికి ఫోన్ చేసి "నీలాంటి వాళ్లు రాకపోతే మా పిల్లలకి మ్యాచ్ ఉండదు బాబూ" అన్నాడు కాబట్టి. మీరంతా పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు ఆ పసుపు చొక్కాలో ఉన్నది కూడా పిల్లాడేనని గుర్తుపెట్టుకోండి.

కూకట్‌పల్లి_టు_కేరీ
మా లీగ్‌లో సీజన్‌కి ఒకసారి 'సైలెంట్ శనివారం' పెడతారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టొచ్చు, ఒక్క మాట మాట్లాడకూడదు. ఆ రోజు మైదానంలో పిల్లల మాటలు వినిపించాయి. "ఇక్కడున్నా, ఇటు ఇవ్వు" అని వాళ్లలో వాళ్లే పిలుచుకున్నారు. మా పాప గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అనంతపురం_అబ్బాయి
నేను ఆట నేర్చుకున్నది అనంతపురంలో, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానంలో. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలం, సగం మందికి బూట్లు లేవు. మా సార్ మొదటి నెలంతా మమ్మల్ని వరసలో నిలబెట్టలేదు. ఒక్కొక్కరికీ బంతి ఇచ్చి ఆడుకోమనేవారు. ఇక్కడ కోచ్ అయ్యాక లైసెన్స్ కోర్సులో "ఆట, అభ్యాసం, మళ్లీ ఆట" అని చెబితే మా సార్ గుర్తొచ్చారు. ప్రాక్టీస్‌లో పిల్లల్ని లైన్‌లో నిలబెట్టొద్దన్నా. లైన్‌లో నిలబడితేనే గడ్డి పీకుతారు.

భయం ఉన్న పిల్లాడికి మా టీమ్‌లో నేను ఆడించేది నేల-బండ. ప్రతివాళ్ల కాలి దగ్గరా ఒక బంతి. ప్లాస్టిక్ డిస్కులతో ఐదారు చిన్న వలయాలు పెడతాను, అవే బండలు. మిగతాదంతా నేల. ఒకరు దొంగ. నేల మీద బంతిని నడిపిస్తూ తిరగాలి. దొంగ వస్తే బండలోకి వెళ్లి బంతి మీద పాదం పెట్టాలి, అప్పుడు సేఫ్. దీంట్లో బంతి గాలిలోకి లేవదు. అరికాలితో బంతిని ఆపడం వాళ్లంతట వాళ్లకే వచ్చేస్తుంది. మా టీమ్‌లో మెక్సికో పిల్లలు, కొరియా పిల్లలు ఉన్నారు, అందరూ "బండ! బండ!" అని అరుస్తారు. పోయిన వారం ఒక పాప వాళ్ల నాన్నని అడిగిందట, బండ అనేది స్పానిష్ మాటా ఇంగ్లిష్ మాటా అని.

ఆస్టిన్_ఆటగాడు
ఈ నేల-బండ నేను కూడా తీసుకుంటున్నా అన్నా. చాలా బాగుంది.

సికింద్రాబాద్_తాతయ్య
మా అమ్మాయి దగ్గరికి ఆరు నెలలకి వచ్చాను, మనవడిని ప్రాక్టీస్‌కి తీసుకెళ్లే పని నాది. మీ మాటలు చదువుతుంటే మా రోజులు గుర్తొచ్చాయి. ఫుట్‌బాల్ అంటే మనకి పరాయి ఆట అనుకోవద్దు. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చిన భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాదీ. వృత్తికి బడి పంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది, దానికీ ఆయనే కోచ్. 1962 జట్టులో ఉన్న తులసీదాస్ బలరాం మా పక్కనే, అమ్ముగూడ. రహీం సాబ్ కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టేవారని మా పెద్దలు చెప్పేవారు. బంతి దొరికిన వాడు దాన్ని దాచుకోకుండా పక్కవాడికి ఇవ్వడం అలవాటవ్వాలని. మీ టీమ్‌లో బాగా ఆడే పిల్లలకి అలాంటిది పెట్టండి బాబూ. ఆ తండ్రి కొడుకుకి కూడా కొత్త పని దొరుకుతుంది, గడ్డి పీకే పిల్లాడికి బంతి అందుతుంది.

మాజీ_గోలీ
తాతయ్యగారూ, మీరు చెప్పినదాన్ని నేను ఈ వారమే పెడుతున్నాను: గోల్ కొట్టే ముందు కనీసం ఇద్దరి కాళ్లకి బంతి తగలాలి.

ఫ్రిస్కో_నాన్న
తాతయ్యగారూ, నమస్కారం. ఆ తండ్రి కొడుకు నిజంగా బాగా ఆడతాడు, మంచి పిల్లాడు కూడా. వాడికి ఏం ఇవ్వాలో నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

రిఫరీ_వాళ్లమ్మ
మావాడు ఇప్పుడే పక్కన కూర్చుని చదివి ఒక మాట చెప్పమన్నాడు. అండర్-8లో బంతి పక్క గీత దాటితే త్రో-ఇన్ ఉండదు, కాలితోనే లోపలికి వేస్తారు. అప్పుడు బంతి కదలకుండా ఉంటుంది. అవతలి వాళ్లు 10 అడుగుల దూరం జరగాలి. భయపడే పిల్లాడికి అదే మంచి చోటు, ఎవరూ మీదికి రారు. "ఆ కిక్ మన టీమ్ తరఫున నువ్వే వేయాలి" అని చెప్పమంటున్నాడు.

ప్లేనో_పద్మ
మీ అబ్బాయికి నా తరఫున ఒక గులాబ్‌జామ్.

కూకట్‌పల్లి_టు_కేరీ
స్నాక్స్ మాట వచ్చింది కాబట్టి జాగ్రత్త చెబుతాను. మా వంతు వచ్చినప్పుడు మా అత్తగారు ప్రేమగా చెక్కలు చేసి పంపారు. వాటిలో పల్లీలు ఉన్నాయి. ఒక పిల్లాడికి పల్లీ అలర్జీ, వాళ్లమ్మ వాడి చేతిలోంచి లాక్కుంది. నా గుండె ఆగినంత పనైంది. మొదటి రోజే అందరి అలర్జీలు రాయించుకోండి. ఆరెంజ్ ముక్కలు, నీళ్లు చాలు. జంతికలు కూడా పల్లీ నూనెలో వేయించినవేమో చూసుకోండి.

అనంతపురం_అబ్బాయి
అలర్జీ ఒకటైతే గోల్‌పోస్టు ఇంకోటి. కదిలించే గోల్‌పోస్టులు ముందుకి పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు ఈ దేశంలో జరిగాయి. ప్రాక్టీస్‌కి వెళ్లగానే నేను చేసే మొదటి పని, రెండు పోస్టులూ పట్టుకుని ఊపి చూడటం. వెనకాల ఇసుక సంచులో మేకులో లేకపోతే ఆట మొదలుపెట్టను. పై కడ్డీకి ఎవరైనా వేలాడితే ఆ క్షణమే దించుతాను. దీంట్లో మొహమాటం పనికిరాదు.

సాకర్_అమ్మ_ఎడిసన్
ఉరుము కూడా. ఒక్క ఉరుము వినిపిస్తే అందరూ కార్లలోకి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఆ మధ్యలో మళ్లీ ఉరిమితే లెక్క మొదటికి వస్తుంది. మీ టెక్సస్‌లో మాకంటే ఎక్కువ ఉరుములు కదా.

డెంటన్_కొత్తకోచ్
నేనూ మొదటిసారే. మొదటి రోజు ఎనిమిది మందిలో ముగ్గురు షిన్ గార్డులు (కాలి ముందు ఎముకకి దెబ్బ తగలకుండా సాక్సుల లోపల పెట్టుకునేవి) సాక్సుల మీద పెట్టుకొచ్చారు, ఒకరు వెనక్కి తిప్పి పిక్కలకి పెట్టుకున్నారు. గడ్డిలో కూర్చుని ఒక్కొక్కరికీ సరిచేశాను. చివరి పాప నా భుజం మీద చెయ్యి వేసి "ఇప్పుడు ఇంకో కాలు" అంది. ఆ రోజు నుంచి మంగళవారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను.

ఒక ప్రశ్న: మా పాప అక్టోబర్‌లో పుట్టింది. తన క్లాసు పిల్లలు వేరే వయసు గ్రూప్‌లో ఉన్నారు. ఇది మారుతుందని విన్నాను, నిజమేనా?

మాజీ_గోలీ
నిజమే. 2025-26 సీజన్ దాకా జనవరి నుంచి డిసెంబర్ లెక్కన, పుట్టిన సంవత్సరం ప్రకారం గ్రూపులు. 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1 నుంచి జులై 31 లెక్కకి మారుస్తామని పెద్ద సంస్థలు ప్రకటించాయి. బడి క్లాసుతో దాదాపు కలుస్తుంది. అయినా మీ లీగ్ వాళ్లని ఒకసారి అడగండి, చిన్న లీగ్‌లలో సొంత పద్ధతులు ఉంటాయి.

ఆస్టిన్_ఆటగాడు
ఫ్రిస్కో అన్నా, శనివారం ఏమైందో రాయండి. మంగళవారం నుంచి చూస్తున్నా.

ఫ్రిస్కో_నాన్న
రాస్తున్నాను. ఇప్పుడే పాప పడుకుంది.

మంగళవారం నేల-బండ ఆడించాను. బాబు మొదట బండలోనే ఉండిపోయాడు, బంతి మీద పాదం పెట్టి. నేను ఏమీ అనలేదు. కాసేపయ్యాక మా పాప దొంగగా వాడి బండ చుట్టూ తిరిగి వెళ్లిపోయింది. వాడు నవ్వి నేల మీదికి వచ్చాడు. ఆ తర్వాత నేను పిలిచినా బండలోకి పోలేదు.

ఆ తండ్రితో ప్రాక్టీస్ అయ్యాక పార్కింగ్‌లో మాట్లాడాను. పుస్తకంలో పేజీ చూపించాను. బాబు ముక్కు సంగతి చెప్పొచ్చా అని వాళ్లమ్మని ముందే అడిగాను, చెప్పమంది. ఆయన కాసేపు కారు తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. "నాకు తెలియదండీ" అన్నాడు. క్షమాపణ అని పెద్దగా ఏమీ లేదు, గ్రూప్‌లో ఆ మెసేజ్ కూడా అలాగే ఉంది. కానీ శనివారం అందరికంటే ముందు వచ్చి నాతో పాటు గోల్‌పోస్టులు ఊపి చూశాడు, ఇసుక సంచులు మోశాడు.

మ్యాచ్‌లో బాబుకి రెండో క్వార్టర్, నాలుగో క్వార్టర్. పక్క గీత కిక్‌లు వాడివే అని ముందే చెప్పాను. మొదటిసారి బంతి బయటికి పోగానే అందరూ వాడి కోసం చూశారు. వాడు నడుచుకుంటూ వచ్చాడు, పరిగెత్తలేదు. బంతిని గీత మీద పెట్టి, రెండు చేతులతో కొంచెం తిప్పి, వెనక్కి జరిగాడు. అవతలి పిల్ల దగ్గరగా నిలబడితే రిఫరీ అమ్మాయి తనని వెనక్కి పంపింది. వాడు తన్నాడు. బంతి నేల మీదే దొర్లుకుంటూ సరిగ్గా ఆ తండ్రి కొడుకు దగ్గరికి వెళ్లింది. వాడు గోల్ వైపు పోకుండా తిరిగి బాబుకే ఇచ్చాడు. నేను ఇలా చేయమని చెప్పలేదు. గోల్ కొట్టే ముందు ఇద్దరి కాళ్లకి బంతి తగలాలి అని మంగళవారం నేను చెప్పిన మాట వాడికి గుర్తుందనుకుంటాను. బాబు ఈసారి పక్కకి తిరగలేదు. అరికాలితో ఆపి "బండ" అన్నాడు, గట్టిగా.

ఆ లోపు అవతలి వాళ్లు బంతి తీసుకుపోయారు, గోల్ కూడా కొట్టారు. 4-2తో ఓడాం. బాబు మొత్తం ఐదు కిక్‌లు వేశాడు, వాళ్లమ్మ లెక్కపెట్టింది.

సికింద్రాబాద్_తాతయ్య
శభాష్ రా కన్నా.

రిఫరీ_వాళ్లమ్మ
మావాడికి చదివి వినిపించాను. 10 అడుగులు జరిపిన రిఫరీ అమ్మాయికి థాంక్స్ చెప్పారా అని అడుగుతున్నాడు.

ఫ్రిస్కో_నాన్న
చెప్పాం. పిల్లలందరూ వరసగా వెళ్లి చెయ్యి కలిపారు. వచ్చే వారం స్నాక్ వంతు బాబు వాళ్లది. పల్లీలు లేకుండా ఏం తేవచ్చో వాళ్లమ్మ అడుగుతోంది, ఆరెంజ్‌లు కాకుండా ఇంకేమైనా చెప్పండి.

కూకట్‌పల్లి_టు_కేరీ
పుచ్చకాయ ముక్కలు. ముందు రోజు రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టమనండి.